కార్డు వివరాలు అడిగారా? కాల్ కట్ చేయండి.. చెప్పేశారా? వెంటనే 1930కి చేయండి

‘‘మీ క్రెడిట్ కార్డు ఈ రోజు రాత్రికి బ్లాక్ అవుతోంది’’, ‘‘రివార్డు పాయింట్లు గడువు దాటిపోతున్నాయి’’, ‘‘లిమిట్ పెంచుతున్నాం’’.. ఈ మూడింటిలో ఏదో ఒక మాటతో ఫోన్ మొదలవుతుంది. నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల గుంటల రైతులు, వేటకు వెళ్లే మత్స్యకారులు, కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల ఉద్యోగులు.. ఎవరి చేతిలో కార్డు ఉన్నా ఈ కాల్ రావచ్చు. అలాంటప్పుడు ఏం చేయాలి? పొరపాటున చెప్పేస్తే డబ్బు వెనక్కి వస్తుందా? నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కార్డు నంబరు వాళ్లే చెబుతారు.. నమ్మొచ్చా?

మోసగాళ్లు కార్డులోని మొదటి నాలుగు లేదా ఆరు అంకెలు చదివి వినిపిస్తారు. బ్యాంకు వాళ్లే అనుకుని మిగతావి మనం చెప్పేస్తాం. నిజానికి ఆ అంకెలు మీ ఒక్కరివే కావు. అవి కార్డు ఇచ్చిన బ్యాంకును, కార్డు రకాన్ని సూచిస్తాయి. అదే రకం కార్డు ఉన్న చాలామందికి అవే అంకెలు ఉంటాయి. మీ పేరు, ఊరు చెప్పినా అది బ్యాంకు ఫోన్ అని రుజువు కాదు.

ఓటీపీ చెప్పకపోతే ఇబ్బంది లేదా?

ఉంది. మన దేశంలో ఆన్‌లైన్ చెల్లింపులకు సాధారణంగా ఓటీపీ కావాలి. కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో మాత్రం కార్డు నంబరు, గడువు తేదీ, వెనకవైపు ఉండే మూడంకెల సీవీవీ ఉంటే చాలు. అందుకే ఈ మూడూ ఓటీపీతో సమానమైన రహస్యాలే. వీటితో పాటు పిన్‌ను బ్యాంకు సిబ్బంది సహా ఎవరికీ చెప్పకూడదు. ‘యాప్ వేసుకోండి’ అంటూ వాట్సాప్‌లో పంపే ఏపీకే ఫైళ్లు తెరవొద్దు. అవి ఫోన్‌లోకి చేరితే ఓటీపీలు మనం చెప్పకుండానే వాళ్లకు వెళ్లిపోవచ్చు.

అసలు బ్యాంకు కాల్ గుర్తించేదెలా?

లావాదేవీలు, సేవలకు సంబంధించిన కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలని, ప్రచార కాల్స్‌కు 140 సిరీస్ వాడాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరిలో ఆదేశించింది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి ‘బ్యాంకు’ మాట్లాడుతోందంటే అనుమానించాల్సిందే. ఏ నంబరు నుంచి వచ్చినా రహస్య వివరాలు అడిగితే కాల్ కట్ చేసి, కార్డు వెనక ముద్రించిన నంబరుకు మీరే ఫోన్ చేయండి. గూగుల్‌లో వెతికి దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్లను నమ్మొద్దు.

తీరంలో ఏ సమయంలో మరింత జాగ్రత్త?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ‘మత్స్యకారుల సేవలో’ పేరుతో రూ.20 వేల సాయం ఇస్తోంది. మత్స్యకారులు, ఆక్వా రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డు రుణాలూ ఉన్నాయి. ‘సాయం పడాలంటే’, ‘కార్డు రెన్యువల్ చేయాలంటే’ వివరాలు చెప్పమని ఎవరైనా అడిగితే అది మోసమే. ఖాతాలో డబ్బు పడటానికి సీవీవీ, ఓటీపీ, పిన్ ఏవీ అక్కర్లేదు.

వేటకు వెళ్లినప్పుడు సిగ్నల్ ఉండదు. డబ్బు పోయిన సంగతి ఒడ్డుకు వచ్చాకే తెలుస్తుంది. అందుకే బ్యాంకు యాప్‌లో లేదా శాఖలో ఆన్‌లైన్, అంతర్జాతీయ చెల్లింపులను ముందే ఆపేయండి. ఖర్చు పరిమితి తగ్గించుకోండి. అవసరమైనప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు.

వివరాలు చెప్పేశాం.. ఇప్పుడేం చేయాలి?

1. మొదట కార్డు బ్లాక్ చేయించండి. ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోండి.

2. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలోని జాతీయ హెల్ప్‌లైన్. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుతూ పోతుంది. దాన్ని ఎవరూ తీసుకోకముందే ఫిర్యాదు చేరితే మధ్యలో నిలిపేసే వీలుంటుంది. లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి.

3. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. సమీప పోలీస్ స్టేషన్‌కూ వెళ్లవచ్చు. వచ్చిన మెసేజ్‌లు, కాల్ వివరాలు తొలగించొద్దు.

4. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

డబ్బు పోకుండా కేవలం అనుమానాస్పద కాల్ వస్తే సంచార్ సాథీలోని ‘చక్షు’లో తెలపవచ్చు.

డబ్బు వెనక్కి వస్తుందా?

రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఇందుకు ఆధారం. తప్పు బ్యాంకుది కాక, మీదీ కాక వ్యవస్థలో ఎక్కడో జరిగితే, సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసిన వారిపై భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల్లో చేస్తే రూ.5 లక్షల వరకు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుపై గరిష్ఠ భారం రూ.10 వేలు, అంతకు మించిన లిమిట్‌కు రూ.25 వేలు. 7 రోజులు దాటితే బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది.

అయితే వివరాలు మనమే చెప్పి ఉంటే లెక్క వేరు. బ్యాంకుకు తెలిపేంతవరకు జరిగిన నష్టం మనదే. తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే సిగ్గుపడి, ఇంట్లో తిడతారని భయపడి దాచిన ప్రతి గంటా మన జేబు మీదే పడుతుంది. తప్పు ఎవరిదన్నది తేల్చి, నిరూపించాల్సిన బాధ్యత మాత్రం బ్యాంకుదే.

బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోయినా, సమాధానం సంతృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయొచ్చు.

రెండో మోసం ఉంటుంది

సొమ్ము పోయిన కొద్ది రోజులకు ‘సైబర్ పోలీసులం, మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి’ అంటూ మరో ఫోన్ రావచ్చు. 1930లో ఫిర్యాదుకు రుసుము లేదు. అక్కడి వారు ఓటీపీ, సీవీవీ అడగరు. అడిగారంటే.. అది మళ్లీ మోసగాళ్లే.