కడితం నుండి కంప్యూటరు వరకు

లెక్క పుట్టిననాడే దానిని ఎక్కడ దాచాలన్న చింత కూడా పుట్టింది. మన పూర్వులు ఈ విషయంలో ఎంతో వివేకం చూపారు. ఆచంద్రార్కం నిలువవలసిన దానశాసనాన్ని శిలమీదనో, రాగిరేకుమీదనో చెక్కించారు. కావ్యాన్ని తాటాకులపై గంటంతో వ్రాశారు. నిత్యం మారే జమాఖర్చుకు మాత్రం కరణానికి కడితం చాలింది. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, మడతలుగా మడిచి, బలపంతో వ్రాసేవారు. తప్పు దొర్లితే తుడిచి దిద్దుకొనేవారు.

నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచెర్ల గోపన్న, తానీషా ప్రభుత్వకాలంలో (1672–1687) పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉండి, పన్నుల సొమ్ముతో భద్రాద్రి ఆలయం కట్టించి, ఆ లెక్క అప్పగించలేక గోలకొండ చెరసాల పాలయ్యాడని ప్రతీతి. లెక్క ఎంత బరువైనదో చెప్పడానికి వేరొక నిదర్శనమేల?

నేడు అదే భద్రాచలంలో గోదావరి నీటిమట్టపు లెక్క ప్రాణరక్షకం. 43 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 48 వద్ద రెండవది, 53 వద్ద మూడవది. 1986 ఆగస్టులో వరద 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ప్రోగ్రామింగు కొత్తగా నేర్చే విద్యార్థి ఒకడు ఈ మట్టాలను భద్రపరచే చిన్న ప్రోగ్రాము వ్రాయదలచాడనుకుందాం. తేదీ, వేళ, అడుగులు: ఉన్నవి మూడే అంశాలు. వీటికి పెద్ద డేటాబేసు సర్వరు అవసరమా?

అక్కరలేదు. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క పంక్తి, అంశాల నడుమ కామాలు పెట్టిన సాదా ఫైలు చాలు. దీనినే సీఎస్‌వీ అంటారు. కంటితో చదవవచ్చు, చేతితో దిద్దవచ్చు. అది నేటి కడితం.

కొలతలు వేలకు పెరిగి, వాటిలో వెదకవలసి వచ్చినప్పుడు, గ్రామాల పట్టికను వాటితో జతపరచవలసి వచ్చినప్పుడు, మరొక మెట్టు ఎక్కవచ్చు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే విధానాన్ని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. 2000లో అమెరికా నౌకాదళపు యుద్ధనౌకల పనిలో ఉన్న రిచర్డ్ హిప్, సర్వరు అందకపోతే ప్రోగ్రామే నిలిచిపోవడం చూచి, అదే పట్టికల విధానం సర్వరు లేకుండా ఒక్క ఫైలులో ఇమిడేటట్లు ఎస్‌క్యూలైట్‌ను రూపొందించాడు. వరదరాత్రి తీగలు తెగినప్పుడు ఈ గుణం విలువ తెలుస్తుంది. పలువురు పలుచోట్లనుండి ఒకేసారి వ్రాసే నాడు సర్వరు సంగతి ఆలోచించవచ్చు.

కడితం తడిస్తే అక్షరం చెరిగేది. యంత్రం చెడితే ఫైలూ అంతే. కనుక సాధనం ఏదైనా, ఒక ప్రతి వేరొకచోట ఉండాలి. రాగిరేకు గొప్పదే, కాని రేపు దిద్దవలసిన లెక్కకు అది తగదు.