నవంబర్ అంటే డెల్టాకి ఎందుకంత భయం?

నాలుగు తేదీలు చెప్తాను, నెల మాత్రం గమనించండి. 1839 నవంబర్ 25, కోరంగి. 1864 నవంబర్ 1, మచిలీపట్నం. 1977 నవంబర్ 19, దివిసీమ. 1996 నవంబర్ 6, కోనసీమ. నాలుగూ తుఫాన్లే, నాలుగూ నవంబరే. మచిలీపట్నంలో దాదాపు 30 వేల మంది పోయారు. దివిసీమలో అధికారిక లెక్కే పది వేల దాకా ఉంటుంది. ఆ ఉప్పెన కథలు మీరు వినే ఉంటారు. ఇవాళ నేను వేరే వైపు చూస్తాను. ఆ రోజుల్లో పొలంలో ఏముంటుంది?

కోతకొచ్చిన వరి ఉంటుంది. మేలో తుఫాన్లు రావా అంటే వస్తాయి, 1990 మేలో పెద్దదే వచ్చింది. కానీ అప్పుడు సార్వా వరి పొలంలో ఉండదు. స్వాతి, విశాఖ కార్తెల్లో వచ్చే వాన మాత్రం సరిగ్గా గింజ పండే టైమ్‌లో పడుతుంది. ఇది యాదృచ్ఛికమా? కాదు. దీని వెనక దాదాపు 170 ఏళ్ల చరిత్ర ఉంది.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలైంది, 1852కి పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి అయిపోయింది. ఇక్కడ ఒక పాయింట్ పట్టుకోండి: ఆనకట్ట అంటే నీళ్లు నిల్వ చేసే డ్యామ్ కాదు, నదిని కాలవల్లోకి మళ్లించే గోడ. అంటే నది పొంగితేనే కాలవకి నీళ్లు, కాలవకి నీళ్లొస్తేనే నారుమడి. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని డిపెండెన్సీ అంటాం. మొదటి పని లేటైతే వెనకున్నవన్నీ లేటే.

గోదావరి అయినా జూన్, జూలైల్లో పొంగుతుంది. కృష్ణ కథ వేరు. పైన ఆల్మట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఒక్కోటి నిండాలి, తర్వాతే కింద డెల్టా వంతు. చాలా ఏళ్లు నాట్లు ఆగస్టులోకి జారిపోయేవి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కృష్ణా కాలవల్లోకి వచ్చాయి. రాజకీయంగా దాని మీద ఎంత గొడవైనా, నా దృష్టిలో దాని అసలు విలువ టీఎంసీల్లో లేదు, క్యాలెండర్‌లో ఉంది. సాగర్ నిండేదాకా ఆగకుండా నారు పోసుకోవచ్చు.

ఇప్పుడు విత్తనం సంగతి. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఎంటీయూ 7029 ఇచ్చింది, మనం స్వర్ణ అని పిలిచేది. తక్కువ ఎరువుతోనే మంచి దిగుబడి, అందుకే ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. కానీ పంటకాలం దాదాపు 150 రోజులు. లెక్క వేయండి: జూన్ 10న నారు పోస్తే కోత నవంబర్ 7. జూలై 10న పోస్తే డిసెంబర్ 7. మరి 120 రోజుల రకం వేస్తే? జూన్ 10న పోస్తే అక్టోబర్ 8కే కోత, అప్పటికి నైరుతి వానలే పూర్తిగా వెళ్లి ఉండవు. పొట్టి రకం వేస్తే చాలు అని ట్విట్టర్‌లో చెప్పడం తేలిక.

వాన పడితే ఏమవుతుంది? కోసిన వరిని పనలుగా పొలంలోనే మూడు, నాలుగు రోజులు ఆరనిస్తారు. తర్వాత కుప్ప, ఆ తర్వాత నూర్పిడి. పనల మీద వాన కురిస్తే గింజ మొలకెత్తుతుంది. అందుకే తడిసిన పనల మీద ఐదు శాతం ఉప్పు ద్రావణం చల్లమని వ్యవసాయ అధికారులు ప్రతి తుఫానుకీ చెప్తారు. కోత మిషన్ వచ్చాక పనల బాధ తగ్గింది కానీ కష్టం పొలం నుంచి రోడ్డు మీదకొచ్చింది. మిషన్ కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. అందుకే నవంబర్‌లో డెల్టా రోడ్ల పక్కన కిలోమీటర్ల కొద్దీ ధాన్యం, పైన బరకాలు కనిపిస్తాయి.

అసలు దెబ్బ రెండో పంటకి. కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు, మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే మినుములు చల్లుతారు. నేలలో మిగిలిన పదును మీదే అది పండుతుంది, వేరే తడి అక్కర్లేదు. వరి పడిపోయి నీళ్లు నిలిస్తే ఈ మినుము కుళ్లిపోతుంది. కోత డిసెంబర్ చివరికి జారితే పదును పోతుంది. మిషన్ తిప్పితే మొలకలు నలుగుతాయి. చాలా ఊళ్లలో కౌలు రైతుకి వరి బస్తాలు కౌలుకే పోతాయి, చేతిలో మిగిలేది ఆ మినుము డబ్బులే. గోదావరి వైపు దాళ్వా వరి వేసేవాళ్లదీ ఇదే తొందర, ఎండాకాలం కాలవలు కట్టేసేలోపు పంట బయటపడాలి.

2011లో కోనసీమ రైతులు ఏకంగా సార్వా వేయం అన్నారు. క్రాప్ హాలిడే అనే మాట అప్పుడే మనందరికీ తెలిసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులు, మురుగు కాలవల్లో పూడిక, కోతల్లో వాన, అన్నీ కలిసిన కోపం అది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మురుగు సమస్య మీద 1960ల్లోనే మిత్ర కమిటీ చెప్పింది, యాభై ఏళ్ల తర్వాత కూడా అదే కాలవ పూడిక గురించి ధర్నా చేయాల్సి వచ్చింది.

2022లో కోనసీమలో మళ్లీ క్రాప్ హాలిడే మాట వినిపించింది. ఆ ఏడాదే ప్రభుత్వం గోదావరి డెల్టాకి జూన్ 1న, కృష్ణా డెల్టాకి జూన్ 10న నీళ్లు వదిలింది, కోతలు నవంబర్ తుఫాన్లకి ముందే అయిపోవాలని. మరుసటి ఏడాది, 2023 డిసెంబర్ 5న, మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి గింజ ఇంటికి చేరినవాళ్లు బతికిపోయారు. వరి చేలోనో, రోడ్డు పక్కనో ఉన్నవాళ్లు బరకాలు పట్టుకుని పరిగెత్తారు.