తోట విడిచిన పువ్వు

అడవిలో కనబడు పువ్వెల్ల అడవిపువ్వే యని తలచుట మనకు వాడుక. నాటినవాడు కానరాడు, నీరు పోసినవాడు కానరాడు. కావున దానికి చరిత్రయే లేదనుకొందుము. ఈ తలంపు సరికాదని చూపుటకు లాంటానా యను నొక్క పొద చాలును. తెలుగుదేశమున గొన్నిచోట్ల దీనిని పులికంప యందురు. విచ్చునపుడు పసుపుగా నుండి పిమ్మట నెఱ్ఱబారు ఆ పూగుత్తులను జూడని చదువరు లరుదు.

దీని జన్మభూమి అమెరికాలోని ఉష్ణప్రదేశములు. 17వ శతాబ్దమున డచ్చివారు దీనిని ఐరోపాకు గొనిపోయిరి. అచ్చటి తోటమాలులు వన్నెలకొఱకు రకములను గలిపి క్రొత్తరకములను బుట్టించిరి. కనుక నేడు మన కొండలలో నున్నది కేవలము అడవిమొక్క గాదు. మనుష్యుడు తన వేడుకకై మార్చిన మొక్క. 19వ శతాబ్దారంభమున నది కలకత్తా తోటకు వచ్చెను. 1787లో స్థాపితమైన ఆ తోటకు 1793 మొదలు 1813 వఱకు విలియం రాక్సుబర్గు అధికారి. అంతకు ముందు మన సామర్లకోటలో మొక్కలను బెంచి పరిశీలించిన పండితు డాయనయే. దేశదేశముల మొక్కల నొకచోట జేర్చుట ఆనాటి విద్య. వానిని ఇండ్లచుట్టు నాటుట దొరల వినోదము. అయితే కంచె తోటకే గాని పక్షులకు గాదు.

దీని నల్లని పండ్లను బిట్టలు తిని, విత్తనములను కొండలపై విడిచినవి. నరికిన మొదలు మరల చిగిర్చును. ఆకు మేసిన పశువు జబ్బుపడును. దట్టమైన పొద క్రింద గడ్డి పెరుగదు. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన ననుసరించి, మన దేశమున పులులు తిరుగు ప్రదేశములలో నూటికి 40 పాళ్లను ఇది యాక్రమించినది. హవాయి ద్వీపములకును ఇది 1858లో అలంకారముగనే చేరెను. 1902లో దీనిని దిను పురుగులను మెక్సికోనుండి తెప్పింపవలసి వచ్చెను.

కర్ణాటకమునందలి బిలిగిరి రంగని కొండలలో నివసించు సోలిగలు మఱియొక మాట చెప్పుదురు. పూర్వము వారు ఎండుటాకులకు, గడ్డికి చిన్నమంటలు పెట్టుచుండిరి. ఆ యాచారము నిషేధింపబడిన పిదపనే పొద బలిసినదని వారి వాదము. మంటయే దీనిని బెంచునని చెప్పు శాస్త్రజ్ఞులును గలరు. ఏ పక్షము నిజమైనను, అడవితో బ్రతుకువారి నడుగక అడవినిగూర్చి నిర్ణయించుట న్యాయము కాదు. పొదను దెచ్చినవారు వారు గారు. మేత పోయినది వారి పశువులకు. మలెమహదేశ్వరుని కొండలలో గొందఱు దీని కఱ్ఱతోనే కుర్చీలు చేసి జీవనము గడపుకొనుచున్నారు.

పెరటికి క్రొత్త మొక్కను దెచ్చునపుడు, ఎంత యందముగ బూయునని మన మడుగుదుము. దాని పండ్ల నెవరు తిందురు, విత్తన మెంతదూరము పోవును అని కూడ నడుగుట గృహస్థధర్మమునందలి భాగమే యని మేము తలంతుము.