దాచిన దిగులు



బెజవాడనుండి నెల్లూరు మీదుగా చెన్నపట్టణమునకు బోవు రహదారిపై రాత్రింబవళ్లు లారీలు నడచుచుండును. బియ్యము, చేపలు, మామిడిపండ్లు పోవు ఆ త్రోవనే హెచ్.ఐ.వి. యను సూక్ష్మజీవియు వ్యాపించెను. మన దేశమున దీని జాడను 1986లో మదరాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు సునీతి సాల్మన్ గారును, వారి శిష్యురాలు డాక్టరు నిర్మల గారును కనుగొనిరి. అటుపిమ్మట మన రాష్ట్రము ఈ వ్యాధి మిక్కుటముగా గల రాష్ట్రములలో నొకటి యయ్యెను. వైద్యులు రోగులను లెక్కించిరి. ఆ యిండ్లలోని దిగులును లెక్కింప బూనినవారు మాత్రము కొందఱే.

వారిలో మరియా ఎక్‌స్ట్రాండ్ గారొకరు. వీరు శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మనశ్శాస్త్రజ్ఞురాలు. 1990లోనే ఆ నగర పురుషుల నడవడిలో వచ్చిన మార్పులను గూర్చి వ్యాసము ప్రకటించిరి. పిదప భారతీయ విద్వాంసులతో గూడి మనవారిని ప్రశ్నింప నారంభించిరి. వీరు సహకర్తలుగా 2008లో వెలువడిన వ్యాసము నా మతమున మిక్కిలి విలువైనది. రోగులు తాము స్వయముగా పడిన అవమానములు కొద్దియే యనియు, ఇతరులు పడినట్లు విన్నవి పెక్కు లనియు అందు తేలినది. ఫలానా యింట కోడలికి కంచము వేఱు పెట్టిరట, ఫలానావాని దుకాణమునకు ఎవరును పోవుట లేదట! ఇట్టి వినికిడి భయమైనది. భయముచే రోగమును దాచిరి. దాచుకొలది దిగులు పెరిగినది. తల్లి యిట్లు క్రుంగిన యింట బిడ్డ బడి మానును. ఉపాధ్యాయునకు హాజరుపట్టీలో గైరుహాజరు కనబడునే గాని కారణము కనబడదు.

2004లో ప్రభుత్వము మందులను ఉచితముగా నీయ మొదలిడెను. అయినను ఆసుపత్రి గడప యొద్ద ఎవరైన చూతురేమో యను శంక మిగిలియే యున్నది. నెల్లూరు మండలపు పల్లెలలో నర్సింగు ఆచార్యురాలు అడెలిన్ న్యమతి గారు సాగించిన పరిశోధన ఈ శంకనే యెదుర్కొనెను. ఎక్‌స్ట్రాండ్ గారు అందు భాగస్వాములైరి. మొదట 68 మంది స్త్రీలు, పిదప 600 మంది. పల్లెలోనే నివసించు ఆశా కార్యకర్త వారి యింటికి పోవును, మందులు వేసికొనుచున్నారా యని విచారించును, ఆసుపత్రికి తోడుగా నడచును, బిడ్డల పెంపకమును గూర్చి మాటలాడును. మొదటి పరిశోధనలోనే స్త్రీల దిగులును, తమ్ము తాము నిందించుకొను బుద్ధియు తగ్గినవి.

ఆశ యనునది ఆంగ్ల నామమునకు సంక్షేపమే గాని, సంస్కృతమున ఆశ యనగా దిక్కు. తెలుగున దిక్కు అనగా శరణము కూడ గదా!

బెజవాడలోను ఇట్టి కృషి కలదు. గోరాగారి కుమార్తె చెన్నుపాటి విద్యగారు 1969లో నెలకొల్పిన వాసవ్య మహిళా మండలి ఈ వ్యాధి సోకిన కుటుంబములకు తోడ్పడినది.

రోగి యనుమతి లేక అతని వ్యాధిని వెల్లడింపరాదని 2017లో శాసనమైనది. అది 2018లో అమలులోనికి వచ్చెను. మంచిదే. అయినను తలుపు తట్టు మనిషిని చూచి ఇరుగుపొరుగువారు కారణ మడుగక మానరు. ఆశా కార్యకర్త గర్భిణులకొఱకును, పసిబిడ్డల టీకాలకొఱకును ప్రతి వీధియు తిరుగును గనుక, ఆమె ఏ యింట కూర్చున్నను ఎవరికిని సందేహము కలుగదు.