గుంటూరు, ప్రకాశం జిల్లాల దళిత కవిత్వం

పత్తి, మిరప పండే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల దళిత కవిత్వం ఆధునిక తెలుగు సాహిత్యంలో అత్యంత బలమైన పాయ. దీనికి పునాది వేసినవారు వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971). 1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’లో అరుంధతీ సుతుడనే దళితుడు తన గోడును గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు, అతనికి ఉంది. కాళిదాసు మేఘం ప్రేమసందేశం మోసింది. జాషువా అదే సందేశకావ్య రూపంలో ఆకలిని, అంటరానితనాన్ని నిలబెట్టారు. పండితులు కాదనలేని పద్యంలో ఆ పని చేయడం ఆయన గెలుపు.

1985 జూలై 17న కారంచేడులో చెరువు నీళ్ల దగ్గర మొదలైన తగాదా ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. బతికి బయటపడ్డవారు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి నడిపిన దళిత మహాసభ ఈ హత్యలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలోనే పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు విధించిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

ఈ రెండు ఊళ్ల ఘటనల తర్వాత కవిత్వం పద్యం వదిలి వాడ భాషలోకి దిగింది. నరసరావుపేట కవి మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’, ఒంగోలు కవి పైడి తెరేష్‌బాబు ‘అల్పపీడనం’ ఆ మార్పుకు గుర్తులు. కంచికచర్లలో పుట్టి ఒంగోలులో కన్నుమూసిన కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ సభల్లో గొంతెత్తి చదివే కవిత అయింది. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య సంపాదకత్వంలో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం వెలువడింది. విడివిడి గొంతులు ఒక ఉద్యమంగా వినిపించింది అందులోనే.

దాదాపు అదే కాలంలో అమెరికాలో నల్లజాతి గే రచయితలూ సంకలనాన్నే ఆశ్రయించారు. జోసెఫ్ బీమ్ 1986లో ‘ఇన్ ద లైఫ్’ తెచ్చారు. రెండో సంకలనం పూర్తికాకముందే, 1988లో, ఆయన మరణించారు. ఎసెక్స్ హెంఫిల్, బీమ్ తల్లి తోడుగా, దాన్ని 1991లో ‘బ్రదర్ టు బ్రదర్’ పేరుతో వెలువరించారు. బయట జాతి వివక్షతోనూ, సొంతవారి మధ్య చిన్నచూపుతోనూ వాళ్లు ఒకేసారి పోరాడాల్సి వచ్చింది. ఇక్కడ అలాంటి రెండు వైపుల పోరు దళిత స్త్రీలది. పాత గుంటూరు జిల్లా ప్యాపర్రుకు చెందిన చల్లపల్లి స్వరూపరాణి కులాన్నీ ప్రశ్నించారు, ఇంట్లో మగపెత్తనాన్నీ ప్రశ్నించారు. ఈ పాయలో ఆమె కవిత్వానికి ఇంకా దక్కాల్సినంత చోటు దక్కలేదు.

నగేష్‌బాబు 2005లో, కలేకూరి 2013లో, తెరేష్‌బాబు 2014లో చనిపోయారు. ముగ్గురూ ఇంకా ఎంతో రాయగల వయసులోనే వెళ్లిపోయారు. బీమ్ పుస్తకాన్ని ఆయన మిత్రుడు, తల్లి కాపాడారు. ఈ ముగ్గురు కవుల పుస్తకాలను ఈ రెండు జిల్లాల గ్రంథాలయాలు, కళాశాలలు కొని అందుబాటులో ఉంచాలి.