కరువు సీమకు వరద నేర్పిన పాఠం

కర్నూలు, కడప అనగానే ఎవరికైనా కరువే గుర్తొస్తుంది. మన తాతముత్తాతలు చెప్పుకున్న ధాత కరువు 1876లో మొదలై రెండేళ్లు పీడించింది. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. అప్పుడు ఖర్చు తగ్గించడానికి కలకత్తా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. వాదన తేలి కూలి పెంచేలోపు నెలలు గడిచిపోయాయి.

ఆ అనుభవంతోనే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు కోడ్‌లు వచ్చాయి. ధరలు పెరిగినా, జనం వలసపోతున్నా ఎవరు ఎవరికి తెలపాలి, పనులు ఎప్పుడు తెరవాలి, కూలి ఎంత ఇవ్వాలి అన్నవన్నీ ముందే రాసిపెట్టారు. ఒక్క అధికారి ఇష్టాయిష్టాలకు వదలకుండా నిర్ణయాన్ని కాగితం మీదికి తేవడమే వాటి గొప్పతనం.

వరదకు మాత్రం మనం అంతగా సిద్ధపడలేదు. 2009లో వానలు ముఖం చాటేశాయి. సెప్టెంబరు చివర్లో కురిసిన కుండపోతకు తుంగభద్ర, హంద్రీ కలిసి అక్టోబరు 2న కర్నూలును ముంచేశాయి. శ్రీశైలం డ్యామ్‌ను 19 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకుని కట్టారు. వచ్చింది సుమారు 25 లక్షలు. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది. డ్యామ్ నిలబడింది. దిగువన నాగార్జునసాగర్‌లో ఖాళీ ఉండటంతో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షలకు తగ్గింది.

ముందే జలాశయం ఎందుకు ఖాళీ చేయలేదని ఆనాడు చాలామంది అడిగారు. ఇంజనీరుగా నాకు ఆ ప్రశ్న వెనక ఉన్న ఇరకాటం తెలుసు. ఎండిన సీమలో నీళ్లు వదిలేశాక వాన రాకపోతే రైతుకు ఎవరు జవాబు చెప్పాలి? ఎగువన ఎంత వాన పడితే ఎన్ని గేట్లు ఎత్తాలో ముందే రాసి, అందరూ ఒప్పుకుని ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఆ భారం ఒక్కడే మోయాలి.

రాత ఒక్కటే చాలదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువన పింఛా కట్ట కూడా తెగి ఆ నీరంతా మీద పడింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లు, మనుషులు, పశువులు కొట్టుకుపోయారు. ఆ డిసెంబరులోనే డ్యామ్ భద్రతా చట్టం వచ్చి, అత్యవసర ప్రణాళికను తప్పనిసరి చేసింది. అయినా 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, వెంటనే దించడానికి స్టాప్‌లాగ్ లేదు. అప్పటికప్పుడు చేయించిన పలకలను గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు బృందం ప్రవహించే నీటిలోనే దించింది. అంతటి అనుభవజ్ఞులు దొరకడం మన అదృష్టం. కానీ ప్రతిసారీ అదృష్టాన్ని నమ్ముకోలేం.

మన బడిలో చదివినవాళ్లు నేడు నీటిపారుదల, విద్యుత్తు, రెవెన్యూ, ఆసుపత్రులు, బ్యాంకుల్లో ఉన్నారు. ఏటా మే నెలలో ఒక్కరోజు కేటాయించండి. గేటు ఎత్తి చూడండి, జనరేటర్ నడిపి చూడండి, ఫోన్ నంబర్ల జాబితా సరిచూడండి, రికార్డులను పై అంతస్తుకు చేర్చండి. మన సంఘం కూడా ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో బడి అడ్మిషన్ రిజిస్టర్లతో ఆ పని మొదలుపెడితే బాగుంటుంది.