భారతదేశంలో మహిళా ఇంజనీర్లు

భారతదేశంలో స్త్రీలు ఇంజనీరింగ్ విద్యలోకి, ఆ పిమ్మట వృత్తిలోకి అడుగుపెట్టిన చరిత్ర 1940లో మద్రాసులో మొదలవుతుంది. గిండీ ఇంజనీరింగ్ కళాశాలకు మూలమైన సర్వే పాఠశాల 1794 నాటిది; రూర్కీ కళాశాల 1847లో వెలిసింది. సుమారు నూటయాభై ఏళ్లు ఈ చదువు పూర్తిగా మగవారి చేతుల్లోనే ఉంది.

ఆ గీత దాటిన తొలి స్త్రీ తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత (1919–1979). తండ్రి పప్పు సుబ్బారావు గిండీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. లలితకు పదిహేనో ఏట పెళ్లయింది. 1937లో కూతురు పుట్టిన నాలుగు నెలలకే భర్త మరణించారు. వితంతువు గడప దాటితేనే వేలెత్తి చూపే రోజులవి. పద్దెనిమిదేళ్ల ఆ తల్లి తన కాళ్లమీద తాను నిలబడాలని నిశ్చయించుకున్నారు. వైద్యవృత్తిలో వేళాపాళా ఉండదు, బిడ్డను విడిచి అర్ధరాత్రులు వెళ్లాల్సి వస్తుంది. అందుకే ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. తండ్రి ప్రిన్సిపాల్ కె.సి. చాకోను ఒప్పించగా, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి ఇచ్చారు. వందలాది విద్యార్థుల మధ్య ఆమె ఒక్కరే అమ్మాయి. తర్వాత కళాశాల స్త్రీలకు ప్రవేశం ప్రకటించడంతో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ శాఖలో చేరారు. పురుషులకోసమే అచ్చువేసిన పట్టాలను వీరికోసం కలంతో దిద్ది ఇవ్వవలసి వచ్చింది.

చదువు తర్వాత లలితకు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌షిప్, సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం, కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయం. ఆ తర్వాత 1948లో లలిత కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడ సోదరుడి కుటుంబం ఉండడం బిడ్డ పెంపకానికి ఆసరా అయింది. విద్యుత్ సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె నిత్యపు పని. భాక్రానంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె పాలుపంచుకున్నారు. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా స్వీకరించింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల సదస్సుకు హాజరయ్యారు. 1977లో పదవీ విరమణ చేశారు. ఇంతటి నిలకడైన కృషికి తెలుగునాట దక్కిన గుర్తింపు చాలా తక్కువ.

త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాల నుంచి 1951లో పట్టా పొందిన ఇలా మజుందార్ దేశపు తొలి మహిళా మెకానికల్ ఇంజనీరు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాజేశ్వరీ ఛటర్జీ మైక్రోవేవ్ ఇంజనీరింగ్‌ను బోధించి, ఆ రంగంలో పరిశోధనకు పునాది వేశారు.

తరువాతి దశాబ్దాల్లో ప్రత్యేక మహిళా కళాశాలలు వచ్చాయి; వాటిలో ఒకటైన హైదరాబాదులోని జి. నారాయణమ్మ సాంకేతిక విద్యాసంస్థ 1997లో ప్రారంభమైంది.